నినీ ఇల్లు బరితో నది దిగింది

ఇండోనేషియా వెళ్ళొచ్చానని చెప్పగానే సియాటిల్ పక్కన మా బాతెల్‌లో అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "బాలీ ఎలా ఉంది?" బాలీ నేను చూడలేదు. విమానం కిటికీలోంచి కూడా చూడలేదు. నేను చూసింది బోర్నియో దీవిలో బరితో అనే నది, ఆ నది మీద ఒక పెద్దావిడ ఇల్లు. చూశాననడం కూడా తక్కువే. ఆ ఇంట్లో కూర్చుని, వండుకుని, తిని, నిద్రపోయి, ఆ ఇంటితోనే నది కిందికి వచ్చాను. ఈ సంగతి పాట్‌లక్ విందులో ప్లేటు పట్టుకుని నిలబడి చెప్పడం నా వల్ల కాలేదు. ఎదుటివాళ్ళు కాస్త పక్కకి చూస్తే చాలు, నా మాట ఆగిపోతుంది. అందుకే డైరీ ముందు పెట్టుకుని తీరిగ్గా రాస్తున్నాను.

యులిది ఇండోనేషియా. తనూ నేనూ ఒకే ల్యాబ్‌లో పక్కపక్క బెంచీల దగ్గర పనిచేస్తాం. 2012 వేసవిలో ఒక మధ్యాహ్నం లంచ్ రూమ్‌లో అంది: "మా అమ్మమ్మ ఇల్లు మారుతోంది. నేను వెళ్తున్నా. వస్తావా?"

"సామాను సర్దడానికా?"

"సామాను సర్దక్కర్లేదు. ఇల్లే వస్తోంది."

సాయంత్రం ఇదే మాట నా రూమ్‌మేట్ హర్షితకి చెప్పాను. హర్షిత వరంగల్ పిల్ల. "ఇల్లే వస్తదా? మరి నువ్వు పోవుడెందుకే, బాతెల్ దాకా రమ్మను దాన్నే!" అని నవ్వి, ఆ వెంటనే, "ఈత రాదు నీకు. లైఫ్ జాకెట్ కొనుక్కపో, సీరియస్‌గ చెప్తున్న" అంది. కొనుక్కెళ్ళాను. అక్కడ దాన్ని తలగడగా వాడుకున్నాను.

నేల లేని ఇల్లు

విమానాల గురించీ, బస్సు గురించీ, స్పీడ్‌బోటు గురించీ రాయడానికి నా నడుం నొప్పి తప్ప ఏమీ లేదు. దిగేసరికి ఊరంతా నది ఒడ్డునే ఉంది. గట్టు మీద గుంజలపై నిలబెట్టిన ఇళ్ళ వరుస ఒకటి, దాని ముందు నీళ్ళ మీద తేలే ఇళ్ళ వరుస ఒకటి. తేలే ఇళ్ళలో ఆకుపచ్చ తలుపున్నది యులి అమ్మమ్మది. అక్కడ అమ్మమ్మని నినీ అంటారు. నేనూ అలాగే పిలిచాను.

నినీ మాటలన్నీ యులి ఇంగ్లీషులో చెబితే తెలుసుకున్నవే. కానీ నా చెవిలో అవి మా అమ్మమ్మ గొంతుతో తెలుగులోనే పడ్డాయి. అలాగే రాస్తున్నాను.

ఇంటి కింద మనిషి చేతులకు అందనంత లావు దుంగలు. దుంగలు పాతబడి నీళ్ళు పీల్చినప్పుడల్లా వాటి మధ్య వెదురు మోపులు దూరుస్తారు. నినీ ఈ ప్రయాణం కోసం కొత్త వెదురు వేయించింది. ముందువైపు పలకల అరుగు. ఆ అరుగే అక్కడ చాకిరేవు, స్నానాల గది, గిన్నెలు తోముకునే చోటు, పక్కవాళ్ళతో కబుర్లాడే వీధి కూడా. చీర చుట్టుకుని గోదావరిలో మునిగే మా పెద్దమ్మల్లాగే ఆడవాళ్ళు లుంగీ గుండెల దాకా కట్టుకుని మునుగుతారు. కూరగాయలు పడవలో వస్తాయి. పిల్లలు పడవలో బడికి వెళ్తారు. గట్టు వెనక రబ్బరు తోటలు. ఆరబెట్టిన రబ్బరు షీట్ల వాసన మాత్రం రెండు రోజులదాకా అలవాటు కాలేదు.

ఆస్తి లెక్కలు విని ఆశ్చర్యపోయాను. గట్టు మీద ముళ్ళ తొక్క పండు కాసే దురియన్ చెట్టొకటి ఉంది. చెట్టు నినీది, ఎందుకంటే నాటింది వాళ్ళ నాన్న. కింద నేల ఇంకొకరిది. ఇద్దరికీ పేచీ లేదు. నీటి మీది ఇంటిని మాత్రం నేలతో కలిపి లెక్కపెట్టరు, పడవతో కలిపి లెక్కపెడతారు. నినీ వయసులో ఉన్నప్పుడు పడవలో బియ్యం తిప్పి అమ్మి, ఆ సంపాదనతో ఈ ఇల్లు కొనుక్కుంది. భర్త ఉన్నప్పుడు ఆయనకు కూడా ఇందులో వాటా లేదని నవ్వుతూ చెప్పింది.

"నీకు ఇల్లుందా పిల్లా?" అని అడిగింది.

అపార్ట్‌మెంట్, లీజు, నెల అద్దె, పార్కింగ్ చోటు, అన్నీ యులి విడమరిచి చెప్పింది. నినీ శ్రద్ధగా విని, "అంటే ఇల్లు వాళ్ళది, తాడు కట్టుకున్నందుకు నువ్వు డబ్బులిస్తావు" అంది. అమెరికాలో నా ఐదేళ్ళ జీవితం గురించి అంత క్లుప్తంగా ఇంకెవరూ చెప్పలేదు.

ఇల్లు ఎందుకు కదులుతోందో ఇక్కడ చెప్పాలి. యులి వాళ్ళమ్మ స్కూల్ టీచరు. నది ముఖద్వారానికి దగ్గరలో ఒక పట్నంలో పక్కా ఇంట్లో ఉంటుంది. ఒంటరిగా ఉన్న తల్లిని వచ్చి తమతో ఉండమని ఏళ్ళ తరబడి అడుగుతోంది. నినీకి కూతురి దగ్గర ఉండాలనే ఉంది, కానీ అల్లుడి ఇంటి వెనక గదిలో ఉండాలని లేదు. "వస్తాను, నా ఇల్లు తెచ్చుకుని వస్తాను" అంది. ఆ పట్నంలో తాడు కట్టుకోవాలంటే ఒడ్డు సొంతదారు ఒప్పుకోవాలి. ఆమె పేరు రుస్. ఆమె షరతు ఒకటే: ఇల్లు తిన్నగా తేలుతూ వస్తే సరే, ఒక పక్కకి ఒరిగితే వద్దు. ఒరిగిన ఇల్లు వరదకి తెగి మిగతా ఇళ్ళను కొడుతుందని ఆమె భయం. రుస్ కాదంటే ఎదురు ప్రవాహంలో ఇంటిని వెనక్కి లాక్కెళ్ళడం అయ్యే పని కాదు. పలకలు ఊడదీసి అమ్ముకుని వెనక గదిలోకి వెళ్ళాల్సిందే.

కొబ్బరి కోరాం

బయలుదేరే రోజు ఇంటి తాళ్ళు ఇంటివాళ్ళు విప్పకూడదు. ఇరుపక్కల ఇళ్ళవాళ్ళు విప్పాలి. మా మధ్య తగవులేమీ లేవని దాని అర్థం. ఎడమవైపు వాళ్ళు వెంటనే విప్పేశారు. కుడివైపు ఇంటి పెద్దావిడ తాడు మీద కూర్చుంది.

"నా కొబ్బరి కోరాం ఇవ్వు, విప్పుతా."

"అది నాదే!" అంది నినీ.

"నీదైతే పిడి మీద మా ఆయన పేరెందుకు చెక్కి ఉంది?"

"మీ ఆయన నాకిచ్చాడు."

"చచ్చిపోయినవాణ్ణి సాక్ష్యానికి పిలుస్తావా, సిగ్గులేనిదానా!"

రెండు వరుసల ఇళ్ళవాళ్ళూ అరుగుల మీదికొచ్చి నిలబడి నవ్వుతున్నారు. నినీ లోపలికెళ్ళి కోరాం తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేసింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ నినీ చేతిలోనే పెట్టి, ముఖం పక్కకి తిప్పుకుని తాడు విప్పింది. అప్పటిదాకా అరుచుకున్న ఇద్దరూ ఆ తరువాత ఒకరి వంక ఒకరు చూసుకోలేదు.

నడిచే వంటగది

నినీ చెల్లెలి కొడుకు ఉదిన్ రబ్బరు షీట్లు మోసే తన పడవకి మోకు కట్టి ముందు లాగుతున్నాడు. మాటకారి, మంచివాడు. అతను పైనదిలో, అంటే ఎగువ ఊళ్ళ మధ్య తిరిగేవాడే తప్ప సగం దారిలో ఉన్న సంత ఊరు దాటి కిందికి ఎప్పుడూ రాలేదు. ఈ సంగతి మాకు ముందు తెలియదు. తెలిసినా మేమేమీ అనేవాళ్ళం కాదు.

బాతెల్ దగ్గర ఫ్రీవే మీద ట్రక్కులు సగం ఇల్లు మోసుకుపోవడం చూశాను. ముందొక కారు, వెనకొక కారు, ఎర్ర జెండాలు. ఆ ఇంట్లో ఎవరూ పప్పు తాలింపు పెట్టరు. ఇక్కడ ఒడ్డు వెనక్కి జరుగుతుంటే నినీ పొయ్యి మీద మూకుడు పెట్టింది. బొగ్గుల మీద కొర్రమీను కాల్చి, పచ్చి మిరపకాయ, నిమ్మరసం, రొయ్యల ముద్ద కలిపి నూరిన కారంతో పెట్టింది. పనసకి చెల్లెలి వరస అనదగ్గ ఒక పండు తొక్కని ఉప్పునీళ్ళలో ఊరబెట్టి వేయించింది. తొక్క కూర అనుకుని భయపడ్డాను. మాంసంలా నమలాల్సి వచ్చింది, పులుపు తగిలింది, మళ్ళీ అడిగి వేయించుకున్నాను. మామూలుగా ఎవరింట్లోనూ రెండోసారి అడగను.

అరటికాయ బజ్జీలమ్మే ఆమె తన చిన్న పడవని మా అరుగుకి తగిలించి ఎక్కి కూర్చుంది. బజ్జీ వెయ్యి రూపాయలు, వాళ్ళ రూపాయలు, అమెరికా లెక్కలో పది సెంట్లు. అమ్మడం అయిపోయాక కూడా దిగలేదు. మా ఇంటి మీదే తన ఊరిదాకా వచ్చి, దారిలో అందరి గుట్టూ చెప్పి, ఊరు రాగానే పడవ విడదీసుకుని వెళ్ళిపోయింది. దానికి ఆమె టికెట్ కొనలేదు, మేం అడగలేదు.

ఆ మధ్యాహ్నమే నా చెప్పొకటి నీళ్ళలో పడింది. పోయిందనుకున్నాను. మా ఇల్లు నదికంటే ఏమంత వేగంగా పోవడం లేదు కాబట్టి చెప్పు కూడా అరుగు పక్కనే మాతో వచ్చింది. చాలాసేపు అది నన్ను, నేను దాన్ని చూస్తూ కూర్చున్నాం. చివరికి యులి గెడతో లాగి ఇచ్చింది.

బేరం

మర్నాడు టోపీ పెట్టుకున్న ఒకాయన పడవ నడుపుకుంటూ పక్కకి వచ్చాడు. అరుగు మీద నినీ వంకాయలు తరుగుతోంది.

"ఇల్లు అమ్మకానికా?"

"కాదు."

"కప్పుకి మంచి చేవ కలప వేశారు. ఎంతకిస్తావు?"

"నువ్వు కట్టుకున్న లుంగీ ఎంతకిస్తావు?"

"ఇది నేను కట్టుకున్నది కదా నినీ!"

"ఇందులో నేను ఉన్నాను కదా నాయనా!"

ఆయన పగలబడి నవ్వాడు. ఎక్కడ కట్టుకోబోతున్నావని అడిగాడు. రుస్ ఒడ్డు అని చెప్పగానే నవ్వు ఆపాడు. "రుస్ సంగతి నాకు తెలుసు. పోయినేడు మా బావ ఇల్లు కొంచెం ఒరిగిందని వెనక్కి పంపేసింది. నిన్నూ పంపితే కబురు చెయ్యి, పలకల లెక్కన కొంటాను" అని వెళ్ళిపోయాడు.

నినీ వంకాయలు తరగడం ఆపలేదు. కానీ ఆ తరువాత బొగ్గు మోసుకెళ్ళే పెద్ద బార్జీ ఏదైనా దాటిపోయి అలలు ఇంటిని ఊపినప్పుడల్లా అరుగు అంచుకి వెళ్ళి, వంగి, దుంగల కట్లు చూసి వచ్చేది. అంతకుముందు అలా చూసేది కాదు.

గుర్రపుడెక్క

సంత ఊరు దాటాక నది వెడల్పైంది, గట్లు చదునయ్యాయి. ఒక సాయంత్రం ఉదిన్ ప్రశాంతంగా ఉన్న ఒక వంపు చూసి ఇంటిని ఒడ్డుకి చేర్చాడు. పైనదిలో ప్రవాహం ఊపకుండా ఇంటిని గట్టుకి బిగించి కడతారు. ఉదిన్ కూడా పొట్టి తాళ్ళతో, అరుగు గట్టుని తాకేలా, బిగించి కట్టాడు. చేతులు దులుపుకుని టీ అడిగాడు.

నేను అరుగు మీద కూర్చుని నీళ్ళు చూస్తున్నాను. పొద్దుటినుంచీ మాతో పాటు కిందికి వస్తున్న గుర్రపుడెక్క గుంపులు ఆగిపోయాయి. కాసేపు నిలబడ్డాయి. తరువాత మెల్లగా, ఎవరో పిలిచినట్టు, వచ్చిన దారినే పైకి పోవడం మొదలుపెట్టాయి. గాలి లేదు.

మా అమ్మమ్మది అంతర్వేది దగ్గర పల్లె. అక్కడ గోదావరి సముద్రంలో కలుస్తుంది. పోటు వచ్చినప్పుడు నది వెనక్కి నడుస్తుంది, పాటు వచ్చినప్పుడు రేవులో మెట్లన్నీ బయటపడతాయి. అక్కడి పడవవాళ్ళెవరూ పడవని ఒడ్డుకి బిగించి కట్టరు. నిండు పోటులో అలా కడితే తెల్లారేసరికి పడవ సగం బురద మీద, సగం గాల్లో ఉంటుంది. పడవైతే మళ్ళీ పోటుకి లేస్తుంది. వెదురు మోపుల మీద కూర్చున్న ఇల్లు ఏటవాలు బురద మీద ఒరిగితే కట్లు జారిపోతాయి.

యులితో చెప్పాను. యులి ఉదిన్‌తో చెప్పింది. అతను టీ తాగుతూనే నవ్వాడు. "నది వెనక్కి పోతుందా? మీ అమెరికా స్నేహితురాలికి నిద్ర తక్కువైంది."

"అమెరికా కాదు, గోదావరి" అన్నాను.

యులికి నవ్వొచ్చింది. "అది నేను ట్రాన్స్‌లేట్ చెయ్యాలా?"

"చెయ్యి."

ఉదిన్‌కి కోపం రాలేదు, కాని కదల్లేదు. "పుట్టినప్పటినుంచీ నది మీదే ఉన్నాను. తాళ్ళు వదులు చేస్తే ఇల్లు కొట్టుకుపోతుంది. అప్పుడు ఎవరిది పూచీ?" అన్నాడు. అతని మాట తప్పు కాదు. అతని నదిలో అదే నిజం.

అందరూ నావైపు చూశారు. మామూలుగా ఇలాంటప్పుడు నేను సారీ చెప్పి పక్కకి తప్పుకుంటాను. ఆ రోజు లేచి, అరుగు చివరికి వెళ్ళి, ఎండిన ఒక ఆకు నీళ్ళలో వేశాను. నినీ వచ్చి నా పక్కన చతికిలబడింది. ఇద్దరం చూస్తుండగా ఆకు మేం వచ్చిన ఊరివైపు బయలుదేరింది.

నినీ ఆ ఆకు కనుమరుగయ్యేదాకా చూసింది. తరువాత, "మీ అమ్మమ్మ ఊళ్ళో ఎలా కడతారు?" అని అడిగింది.

చెప్పాను. లోతున ఉండాలి, బయటివైపు లంగరు వెయ్యాలి, ఒడ్డు తాళ్ళు పొడుగ్గా వదలాలి. పడవవాళ్ళ వెనక తిరిగి చిన్నప్పుడు చూసిందే. ఒక్కసారి కూడా నా చేత్తో కట్టలేదు. అది కూడా చెప్పాను.

నినీ లేచింది. "ఉదిన్, పడవ నీది, మోకు నీది. ఇల్లు నాది. విప్పు."

చీకటి పడేలోపు ఇంటిని లోతుకి జరిపాం. గెడలు నెట్టడంలో నా చేతులు బొబ్బలెక్కాయి. హడావిడిలో అన్నం గిన్నె నీళ్ళలో పడింది. ఆ రాత్రి భోజనం మిగిలిన బజ్జీలే. పడుకునేదాకా నీళ్ళు పెద్దగా తగ్గలేదు. మన దగ్గర రోజుకి రెండుసార్లు వచ్చే పోటు అక్కడ ఒక్కసారే వస్తుందని, దిగడానికీ ఎక్కువసేపు పడుతుందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. "గోదావరి ఎక్కడిదాకా వచ్చింది?" అని ఉదిన్ పడవలోంచి అరిచాడు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

బురద

తెల్లవారాక నన్ను లేపింది ఉదినే. ఒడ్డువైపు చెయ్యి చూపించాడు.

ముందురోజు మా ఇల్లు ఆనుకుని నిలబడ్డ చోట నీళ్ళే లేవు. నున్నటి బురద ఏటవాలుగా కిందికి దిగి ఉంది. దాని మీద చిన్న చిన్న పీతలు. ఆ బురద మధ్యలో, ఎప్పటిదో పాత రేవు గుంజ ఒకటి, విరిగి, మొన పైకి పెట్టుకుని నిలబడి ఉంది. ఇంటిని జరపకపోయి ఉంటే అది సరిగ్గా నినీ పడకగది కింద ఉండేది. మా ఇల్లు మాత్రం లోతులో పొడుగు తాళ్ళ మీద తిన్నగా తేలుతోంది.

ఉదిన్ కొంచెంసేపు గుంజని చూశాడు. తరువాత నాకు టీ తెచ్చి ఇచ్చాడు. అతను టీ పెట్టడం అదే మొదటిసారి అని నినీ చెప్పింది. చక్కెర ఎక్కువైంది. మొత్తం తాగాను. ఆ రోజు నుంచీ సాయంత్రం కాగానే, "గోదావరీ, ఎక్కడ కట్టమంటావు?" అని అడిగేవాడు. వేళాకోళంగా కాదు, నిజంగానే అడిగేవాడు. సియాటిల్ వైపు ఏ మీటింగ్‌లోనూ నన్నెవరూ అలా అడగలేదు. నాకు గర్వంగా ఉండేది. డైరీలో రాసుకున్న మాటే ఇక్కడా రాస్తున్నాను, కొట్టెయ్యడం లేదు.

రుస్ ఒడ్డు

పట్నం చేరేసరికి ఒడ్డున జనం ఉన్నారు. అందరికంటే ముందు, నడుం మీద చేతులు పెట్టుకుని, పూల గౌనులో బొద్దుగా ఒకామె. ఆమే రుస్. వెనకగా, స్కూలు యూనిఫారంలోనే వచ్చేసిన యులి వాళ్ళమ్మ. అక్కడ టీచర్లకి కూడా యూనిఫారం ఉంటుంది.

ఉదిన్ తాడు విసరబోతే రుస్ చెయ్యి అడ్డం పెట్టింది. ముందు తనే ఇంట్లోకి ఎక్కింది. గదులన్నీ తిరిగింది. వంటగది బుట్టలోంచి ఒక నిమ్మకాయ తీసి గది మధ్యలో నేల మీద పెట్టింది. నిమ్మకాయ కొంచెం దొర్లింది.

"ఒరేయ్, అరుగు మీంచి దిగు!" అని నినీ ఉదిన్ మీద అరిచింది. ఉదిన్ ఒక్క దూకులో పడవలోకి పడ్డాడు. ఇల్లు ఊగి నెమ్మదించింది. రుస్ నిమ్మకాయని మళ్ళీ మధ్యలో పెట్టింది.

నిమ్మకాయ కదల్లేదు.

"పైనది నుంచి ఇంత దూరం ఇలా తెచ్చావా!" అంది రుస్.

"ఇల్లు నాది. ఎలా తెస్తాననుకున్నావు?" అంది నినీ.

రుస్ నిమ్మకాయని బుట్టలో వేసి, బయటికి వచ్చి, తాడు తనే అందుకుని గుంజకి చుట్టింది. పొడుగ్గా, వదులుగా చుట్టింది.

జనం కదిలారు. యులి వాళ్ళమ్మ మాత్రం ఒడ్డునే నిలబడింది. వెనక గదికి కొత్త రంగు వేయించిందని, కిటికీకి తెరలు కుట్టించిందని దారిలో యులి చెప్పింది. ఆ గది ఇక ఖాళీయే. ఆమె తల్లిని చూసింది, ఆకుపచ్చ తలుపుని చూసింది. తాను పుట్టింది ఆ తలుపు వెనకే. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

"అమ్మా, లోపలికి రావచ్చా?"

నినీ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ ఊళ్ళో ఆ పూట ఆమె అంత నిటారుగా ఇంకెవరూ నిలబడి లేరు.

"నీ పుట్టిల్లే కదే. కాళ్ళు కడుక్కుని రా."

యాభై దాటిన ఆ టీచరమ్మ అరుగు అంచున కూర్చుని, యూనిఫారం తడుస్తున్నా చూసుకోకుండా, రెండు కాళ్ళూ నదిలో పెట్టి కడుక్కుంది.